అమావాస్య రోజు మాత్రమే పనిచేసిన కార్డు

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఒక్కటే. మా అక్క నేసిన చీరను మరమగ్గం చీర అని ఒక ఫోన్ గ్రూపులో రాశారు. ఆ గ్రూపులో ఉన్నవాళ్లెవరూ మా ఊరు చూడలేదు, మా అక్క ఇంటి గడప తొక్కలేదు. రాసిన మాటను తర్వాత తీసేశారు. తీసేస్తే ఏమైంది? చదివినవాళ్లు చదివారు. వాళ్లలో ఎవరో ఒకరు ఇంకెవరికో పంపే ఉంటారు. అబద్ధం అక్షరాల్లో తిరుగుతుంటే నిజం నోటిమాటగా మా వీధిలో కూర్చుంటే సరిపోదు. నిదానంగా రాద్దామనే అనుకున్నాను. కానీ ఈ నాలుగు ముక్కలు రాసేసరికే చెవులు వేడెక్కుతున్నాయి.

పేర్లు రాయను. అక్క వద్దంది. "పేర్లు రాస్తే మళ్లీ ఈదిలో పంచాయితీ అయితాది. ఏం జరిగిందో రాయి, సాలు" అంది.

నా గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే కంప్యూటర్ సంగతులు నీకెలా తెలుసని అడుగుతారు. అడిగారు కూడా, వెటకారంగా. నేను పదో తరగతితో బడి మానేశాను. కర్నూలులో ఒక విత్తనాల గోడౌనులో సరుకు ఎత్తించే, దించే పని చూస్తాను. పని కాగానే లైబ్రరీకి పోతాను. ముందు గదిలో పేపర్ చదివి లేచిపోయేవాళ్లను దాటుకుని, లోపల ఎవరూ తెరవని బీరువా దగ్గర కూర్చుంటాను. కంప్యూటర్ల మీద ఇంగ్లిషు పుస్తకాలు అందులోనే ఉన్నాయి. రిటైరైన మాస్టారెవరో ఇచ్చేసి పోయినవట. ఒకదానికి అట్ట లేదు. ఇంకోదాన్ని చెదలు నాకంటే ముందే మొదలుపెట్టాయి. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ఒక్క పేజీతోనే సాయంత్రం అయిపోయిన రోజులు చాలా ఉన్నాయి. నా దగ్గర సర్టిఫికెట్ లేదు. కానీ ఒక యంత్రం ఇంకో యంత్రాన్ని ఎలా పలకరిస్తుందో, జవాబు రాకపోతే ఎన్ని రకాలుగా మళ్లీ అడుగుతుందో నాకు తెలుసు. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను. చెప్పుకోవడానికి నాకు వేరే ఆస్తి లేదు.

అక్క, బావ కడప జిల్లాలో ఒక నేత ఊళ్లో ఉంటారు. అక్క గుంట మగ్గం మీద నూలు చీరలు నేస్తుంది. నూలుకు రంగులద్దడం, కండెలు చుట్టడం బావ పని. ఆ వీధిలో చాలామంది షావుకారు కోసమే నేస్తారు. నూలు ఆయనది, డిజైన్ ఆయనది, చీర ఆయనది, కూలి మనది. పడుగు, అంటే చీర పొడవునా సాగే నూలు, ఒకసారి మగ్గానికి ఎక్కిందంటే అది అయిపోయేదాకా ఆ మగ్గం ఆయనదే. అక్క ఏళ్ల తరబడి అలాగే నేసింది. ఆ మధ్య ధైర్యం చేసి సొంత నూలు తెచ్చుకుంది. అంచుకు తనకు నచ్చిన రంగు వేసింది. ఆ రంగు చూసి నేనే బాగాలేదన్నాను. అక్కకు మాత్రం అదే కావాలి.

ఆ చీరలకు కొనేవాళ్లు దొరికారు. హైదరాబాదులో ఒకావిడ ఫోన్లో గ్రూపు నడుపుతుంది. అందులో చేనేత చీరలు కట్టుకునే ఆడవాళ్లు ఉన్నారు. మధ్యలో ఎవరూ లేకుండా నేసేవాళ్ల దగ్గరే కొంటామన్నారు. ఒకే షరతు. నేస్తుండగా వీడియో కాల్‌లో చూడాలి. ముందే తీసిన వీడియో పనికిరాదు, అలాంటివి చూసి ఇంతకుముందు మోసపోయారట. ఆ షరతులో నాకు తప్పేమీ కనబడలేదు. కాల్ సరిగా సాగి నమ్మకం కుదిరితే అక్క మగ్గం అక్కదే. కుదరకపోతే ఉన్న పడుగు అయిపోగానే మళ్లీ షావుకారు పడుగు ఎక్కుతుంది. విషయం ఇంతే.

కానీ మగ్గం గదిలో ఫోన్ పలకదు. ఇంటి గోడలు నాపరాయి పేర్చి కట్టినవి. నెట్ కనెక్షన్ పెట్టె వీధి వైపు గదిలో ఉంది. దాని సిగ్నల్ నడిమి గోడ దగ్గరే చచ్చిపోతుంది. మామూలు ఫోన్ సిగ్నల్ కావాలంటే వీధిలోకి రావాలి. మగ్గాన్ని వీధిలోకి తేలేం కదా.

అప్పుడు నేను చేస్తానన్నాను. కర్నూలులో ఒక ఆఫీసు పాతసామానుకు వేసిన కంప్యూటర్ తెచ్చాను. కంప్యూటర్ షాపులో ఒక వైర్‌లెస్ కార్డు కొని దాంట్లో పెట్టాను. ముందు గది నుంచి మగ్గం గదికి తీగ లాగాను. తీగలో వచ్చే నెట్‌ను ఆ కార్డు గాలిలోకి వదులుతుంది, ఫోన్ అందుకుంటుంది. దీన్నే యాక్సెస్ పాయింట్ అంటారు. షాపులో రెడీమేడ్ డబ్బా దొరుకుతుంది కదా అని అందరూ అన్నారు. దొరుకుతుంది. నాకు చేయడం వచ్చు కాబట్టి చేశాను. మా అక్క కూడా దుకాణంలో దొరికే చీరను ఇంట్లో కూర్చుని నేస్తుంది. ఆమెనెవరూ అలా అడగలేదు.

మొదట దాన్ని మగ్గం పక్కన నేల మీద పెట్టాను. నూలు మెత్తగా ఉండడానికి అక్క నేల మీద నీళ్లు చిలకరిస్తుంది. పైగా నూలు పీచు పోయి ఫ్యాన్‌కు చుట్టుకుంటోంది. సిగ్నల్ ఇచ్చేది ఎత్తులో ఉండాలని నేను చదివిన పుస్తకంలో ఉంది. అందుకని ఒక పలకచెక్కను మిద్దె దూలానికి వేలాడదీసి, దాని మీద కంప్యూటర్ పెట్టాను. కార్డును కంప్యూటర్ పెట్టెకు బిగించే మర లేదు. కొన్న రోజే షాపువాడు చూస్తానని కార్డు తీసి, మళ్లీ ఇచ్చేటప్పుడు మర ఇవ్వలేదు. బావ నూలుదారం మూడు పేటలు పేని, కార్డును పెట్టెకు కట్టేశాడు.

"మా ఇంట్లో దారంతో నిలబడనిదంటూ ఏదీ లేదప్పా బామ్మర్దీ. నీ చెల్లెలి పెండ్లి పందిరి గూడా నేను కట్టిందే" అన్నాడు.

"నాకు చెల్లెలు లేదు బావా."

"ఉంటే కట్టేటోన్ని."

మగ్గం గదిలో ఫోన్ నిండుగా సిగ్నల్ చూపించింది. ఆ పూట నా నడకే మారిపోయింది. నేను కర్నూలుకు వెళ్లిపోయాను.

హైదరాబాదావిడ కాల్ చేసింది. ఫోన్‌ను బావ పట్టుకున్నాడు. తర్వాత అక్కా బావా చెప్పిందాన్ని బట్టి జరిగింది ఇది. అక్క గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. నూలు గురించి అడిగింది, రంగు ఎలా వేస్తారని అడిగింది. అంతసేపూ బొమ్మ అద్దంలా ఉంది. తర్వాత, "నేయండమ్మా, చూద్దాం" అంది. అక్క నేయడం మొదలుపెట్టింది. కాసేపటికి బొమ్మ బిగుసుకుపోయింది. ఆ తర్వాత కాల్ పోయింది. బావ కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ మాట్లాడారు, బాగుంది. మళ్లీ నేసింది, మళ్లీ పోయింది.

ఇంకో రోజు కాల్ పెట్టుకున్నారు. అదే తంతు.

"ఎందుకండీ, మాట్లాడేటప్పుడు బాగానే ఉంటుంది, నేయమనగానే కట్ అవుతుంది?" అని ఆవిడ అడిగింది. ఆ అడగడంలో ఏముందో అక్కకు అప్పుడే అర్థమైంది. నాకు ఫోన్ చేసి ఒక్క మాట అంది. "అబ్బీ, ఆమె నన్ను దొంగను జూసినట్ల జూస్తాందిరా."

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ముందు బుర్ర ఉపయోగించాలనుకున్నాను. కదలని బొమ్మను పంపడం తేలిక, కదిలే బొమ్మను పంపడం బరువు. ఇది పుస్తకంలో ఉన్న మాటే, నిజం కూడా. అక్క మాట్లాడేటప్పుడు బొమ్మలో కదలిక తక్కువ. నేసేటప్పుడు పేకను, అంటే అడ్డంగా సాగే నూలును, మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతుంది, ఆ నూలును గుడ్డకు కొట్టే పలక ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దారాలు లేస్తాయి, దిగుతాయి. అంత కదలికను పంపే బరువు మోయలేక కార్డు చతికిలబడుతోందని తేల్చాను. ఎంత అందమైన సిద్ధాంతం! ఇప్పటికీ నాకు దాని మీద కొంచెం ప్రేమ ఉంది.

అక్క ఇంటికి పోయి సరిచేద్దామంటే అక్కకు ఒక నియమం ఉంది. మగ్గం ఆడే రోజు దూలం మీద ఎవరూ చెయ్యి పెట్టకూడదు. "పైన కదిలిచ్చినావంటే మిద్దె మన్నంతా పడుగు మీద పడుతాది. అమాస నాడు రా. ఆ పొద్దు మగ్గం ముట్టం గదా" అంది. అమావాస్య రోజు మా వాళ్లు నేయరు. మగ్గం కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి వదిలేస్తారు. అక్క ఆ రోజు పడుగు మీద పాత దుప్పటి కప్పుతుంది. కాబట్టి నేను ప్రతిసారీ అమావాస్యకే బస్సెక్కాను.

ఎక్కి ఏం చేశాను? ఆ దూలం కింద నిచ్చెన వేసుకుని కార్డు నడిపే సాఫ్ట్‌వేర్ మార్చాను. ఛానెల్ మార్చాను. ఏ దేశంలో ఉన్నామో కార్డుకు చెప్పే అమరిక తప్పుగా ఉంటే సరిచేశాను. ఎండకు వేడెక్కుతోందేమోనని పెట్టె మూత తీసేశాను. ప్రతిదాని తర్వాతా పరీక్ష పెట్టాను. కదలిక కావాలి కాబట్టి బావను ఫోన్ ముందు నిలబెట్టి ఎగరమన్నాను. ముందు గదిలో ఇంకో ఫోన్ పట్టుకుని నేను చూస్తున్నాను.

"ఇంగా ఎగరాల్నా?" అంటున్నాడు బావ, తువ్వాలు గాలిలో తిప్పుతూ.

"ఇంకా గట్టిగా, బావా."

"ఒరే, ఈదిలో జనం జూస్తే నాకు గాలి సోకిందనుకుంటారు."

అక్క వాకిట్లో బియ్యం ఏరుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. "సోకితే సోకనీ. ఇన్నాళ్లకు నువ్వు ఎగరంగ జూస్తాండా" అంది.

బావ ఎగిరాడు. కార్డు చెక్కుచెదరలేదు. పెద్ద పెద్ద ఫైళ్లు దింపాను, రెండు ఫోన్లలో వీడియోలు ఒకేసారి నడిపాను. ఏమీ కాలేదు. బాగైందని చెప్పి కర్నూలు పోయాను. ఆ వారంలోనే కాల్, అక్క నేసింది, పోయింది.

కార్డులోనే దోషం ఉందని దాన్ని విప్పుకుని కర్నూలు షాపుకు తీసుకుపోయాను. షాపతను తన మిషన్‌లో పెట్టి చూశాడు. నడిచింది. నా వైపు కూడా చూడకుండా, "కార్డు మంచిగనే ఉండాదప్పా. నీ డబ్బాలోనే ఏమో కిరికిరి ఉండాది" అన్నాడు.

"డబ్బా కూడా బాగుంది. నేనే చూశాను. ఏ భాగానికి ఆ భాగం..."

"యాడ నేర్చుకున్నావు ఇది?"

"లైబ్రరీలో."

పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. "లైబ్రరీలో జదివి కంప్యూటర్ జేసెటోడివి, షాపుకెందుకొచ్చినావు భాయ్? ఆడనే అడుగు."

మర ఇవ్వమన్నాను. ఏ మర అన్నాడు. నేను ఆ మెట్లు దిగేటప్పుడు ఏమనుకున్నానో ఇక్కడ రాయను. ఆ షాపులో ఒక్కడు కూడా ఒక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివి ఉండడు. చదివినవాణ్ణి చూసి నవ్వడానికి మాత్రం అందరికీ అర్హత ఉంది. లైబ్రరీ అంటే నవ్వొచ్చే ఊళ్లో నేను ఇన్నేళ్లు ఎలా బతికానో!

ఇలాంటి పనులు చేసేవాళ్లు ఇంటర్నెట్‌లో కలుసుకునే చోట నా కష్టమంతా ఇంగ్లిషులో రాశాను. ఆ ఇంగ్లిషు కోసం ఒక ఆదివారం మొత్తం కూర్చున్నాను. ఆ కార్డు చెత్త, వేరేది కొనుక్కో అని ఒకరు. ఇంత కష్టపడే బదులు రెడీమేడ్ డబ్బా పెట్టుకో అని ఇంకొకరు. ఎవరో దూరదేశపు మనిషి మాత్రం ఒక ప్రశ్న అడిగాడు: కార్డు ఆగిపోయేటప్పుడు ఆ గదిలో ఇంకేమైనా జరుగుతోందా? మోటార్లు, ఫ్రిజ్‌లు, లిఫ్టులు? నాకు ఆ ప్రశ్న కూడా వెక్కిరింతలాగే అనిపించింది. మా అక్క ఇంట్లో లిఫ్టట! "ఏమీ జరగదు. మోటారు లేదు, ఏ మిషనూ లేదు. గది నిశ్శబ్దంగా ఉంటుంది. మా అక్క నేస్తుంటుంది, అంతే" అని రాసి పడేశాను.

ఈ జవాబు చదివి మా ఊరివాళ్లెవరూ నవ్వరు. మేం మగ్గం చప్పుడులో పుట్టి, దాంట్లోనే నిద్రపోయినవాళ్లం. అది ఆగితే మాకు మెలకువ వస్తుంది గానీ, ఆడుతుంటే వినబడదు.

ఆ తర్వాతి అమావాస్యకు మళ్లీ వెళ్లాను. షాపు నుంచి తెచ్చిన కార్డు పెట్టాను, బావ దారం కట్టాడు, ఎగిరాడు, అంతా బాగుంది. మేం అన్నం తింటుండగా అక్క ఫోన్‌కు గ్రూపులో మెసేజ్ వచ్చింది. అక్క చదవమని నా చేతికిచ్చింది. హైదరాబాదావిడ రాసింది. "అందరూ గమనించండి. ఈ నేతగారి చీరలు ప్రస్తుతానికి తీసుకోవద్దు. ఎన్నిసార్లు అడిగినా నేస్తూ చూపించలేకపోయారు. మరమగ్గం సరుకు అయి ఉండవచ్చు." కింద వరసగా ఆడవాళ్లు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. కాపాడినందుకు థాంక్స్ అట.

అక్క అడిగింది, "ఏముందిరా అందులో?"

నేను చదివి వినిపించాను. ఒక్క మాట కూడా మార్చలేదు. బావ చెయ్యి కడుక్కున్నాడు. అక్క మాత్రం తింటూనే ఉంది. పళ్లెం వైపే చూస్తూ, "మరమగ్గమా" అంది. "ఈ కాళ్లు జూసింటే అనేది గాదులే" అంది. గుంటలో కూర్చుని తొక్కీ తొక్కీ మా అక్క మోకాళ్లు ఎట్లయినాయో మాకు తెలుసు. లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాలి.

సాయంత్రం షావుకారు మనిషి వచ్చాడు. ఈ వార్త అతనికి ఎలా చేరిందో తెలియదు, చేరింది. వాకిట్లో నిలబడి లోపలికి తొంగిచూసి, "ఏమ్మా, మీ తమ్ముడు కంప్యూటర్‌ను దూలానికి ఉరేసినాడంట గదా" అని నవ్వాడు. "నీ పడుగు అయిపోవచ్చినట్టుండాది. ఎల్లుండి మాది తెచ్చేదా?"

బావ "జెప్తాములే పో" అన్నాడు. అతను పోతూ పోతూ నాతో, "నీకు కర్నూల్లో పని లేదాప్పా?" అన్నాడు.

ఆ మాటకే నేను ఉండిపోయాను. మరుసటి రోజు పనికి రావడం లేదని గోడౌను యజమానికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు అక్కకు కూడా వినిపించాయి. ఎవరి మీద కోపమో నాకే తెలియడం లేదు. ఆవిడ మీదా, షాపు మీదా, కార్డు మీదా, ఆ పుస్తకం మీదా. తెల్లవారాక ఏదో ఒకటి తేల్చకుండా ఆ ఇంట్లోంచి కదలనని అనుకున్నాను.

పొద్దున్నే పొడవాటి తీగలతో కంప్యూటర్‌కు ఒక తెర తగిలించి, ఆ తెరను స్టూలు మీద పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. కంప్యూటర్ తనలో తాను చెప్పుకునే మాటలు ఆ తెర మీద వరసలుగా పడతాయి. ఏదైనా తప్పు జరిగితే అక్కడ రాస్తుంది. అక్క దుప్పటి తీసి మడిచి, గుంటలోకి దిగింది.

"పైన ముట్టుకోవు గదా?"

"ముట్టుకోను. నువ్వు నేసుకో."

అక్క నేయడం మొదలుపెట్టింది. తెర మీద ఒక వరస పడింది. కార్డుకూ కంప్యూటర్ బోర్డుకూ మధ్య వెళ్లిన మాట చెడిపోయిందనీ, మళ్లీ అడిగి సరిచేసుకున్నామనీ దాని అర్థం. ఇంకో వరస పడింది. ఇంకోటి. ఫోన్‌లో కాల్ లేదు, వీడియో లేదు. ఎవరూ ఏ బరువూ మోయడం లేదు. అయినా పడుతున్నాయి. నేను తెరనే చూస్తున్నాను. ఒక దారం తెగింది, అక్క ముడి వేయడానికి ఆగింది. వరసలు ఆగాయి. అక్క మళ్లీ మొదలుపెట్టింది. వరసలు మళ్లీ మొదలయ్యాయి.

అప్పుడు విన్నాను. పుట్టిన తర్వాత మొదటిసారి ఆ చప్పుడు విన్నాననిపించింది. పలక వచ్చి గుడ్డకు ఢక్కుమని తగులుతుంది, తెర మీద ఒక వరస. ఢక్కు, ఇంకో వరస.

"అక్కా, ఆపు."

ఆపింది. వరసలు ఆగాయి.

"నెయ్యి."

నేసింది. పడ్డాయి.

"ఆపు."

"ఏందిరా నీ ఆట? పేక వదులైపోతాది. నేసేదా మానేదా?"

నేను తల ఎత్తి పైకి చూశాను. అంచు డిజైన్ కోసం దారాలను లేపే జకార్డు పెట్టె దూలానికి కట్టి ఉంది. అక్క కాలు నొక్కినప్పుడల్లా ఆ పెట్టె దూలాన్ని గుంజుతుంది. పలక దెబ్బకు మగ్గం కొయ్యలన్నీ కదులుతాయి. అదే దూలానికి, జకార్డుకు మూరెడు దూరంలో, నా కంప్యూటర్ వేలాడుతోంది. మర లేని కార్డు, నూలుదారం. ప్రతి దెబ్బకూ కార్డు తన గాడిలో వెంట్రుకవాసి ఊగుతోంది. కాసేపు తనను తాను సరిచేసుకుంటుంది, ఆపైన చేతకాక ఆగిపోతుంది. అమావాస్య నాడు మగ్గం ఆడదు కాబట్టి దూలం కదలదు, కార్డు కదలదు. నేను బావను ఎంత ఎగిరించినా లాభం లేదు.

నేను లేచి అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు గానీ బావ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెప్పాను. ఆయన పైకి చూసి, కిందికి చూసి, "అంటే నేను కట్టిన దారం తప్పా?" అన్నాడు.

"దారం తప్పు కాదు బావా. చోటు తప్పు."

"హమ్మయ్య" అన్నాడు.

ఆ రోజుకు అక్క తన నియమాన్ని పక్కన పెట్టింది. పడుగు మీద దుప్పటి, దాని మీద చాప కప్పాం. పొరుగింటి నిచ్చెన తెచ్చి కంప్యూటర్ దించాం. నడిమి గోడలో, మగ్గం గది వైపు, రాయిలోనే తొలిచిన గూడు ఒకటి ఉంది. అందులో దీపం బుడ్లు, పాత కండెలు ఉండేవి. అవి తీసేసి కంప్యూటర్ పెట్టాను. ఆ గోడ మగ్గానికి కదిలేది కాదు, ఇల్లు కూలినా కదలదేమో. టేబుల్ ఫ్యాన్ వెనక నుంచి ఒక మర విప్పి కార్డుకు బిగించాను. అక్క నేసింది. తెర ఖాళీగా ఉండిపోయింది. అక్క ఇంకా గట్టిగా పలక కొట్టింది, నా మీద కోపం తీర్చుకున్నట్టు. ఒక్క వరస కూడా పడలేదు.

హైదరాబాదావిడకు అక్కే ఫోన్ చేసింది. ఆవిడ ఇప్పుడు పనిలో ఉన్నానంది. చూడాల్సిందేనని అక్క అనలేదు. "ఇప్పుడు జూడకపోతే రేపు ఈ మగ్గం మీద నా చీర ఉండదమ్మా, ఇంగొకరి చీర ఉంటాది. మీ ఇష్టం" అంది. వీడియో వచ్చింది.

అక్క నేసింది. బావ ఫోన్‌ను పట్టుకుని మొదట మొహం, తర్వాత చేతులు, తర్వాత గుంటలో కాళ్లు చూపించాడు. కాళ్ల దగ్గర చాలాసేపు ఉంచాడు. కాల్ తెగలేదు. దారం తెగింది, అక్క ముడి వేసింది, అదీ చూశారు. చివరికి ఆవిడ, "ఓకే అండి, ఇప్పుడు క్లియర్‌గా ఉంది. ఈ చీర మేమే తీసుకుంటాం. ఇదే రంగులో ఇంకో పడుగు వేయండి" అంది.

అక్క తల ఊపింది. నేను ఉండలేక ఫోన్ తీసుకున్నాను. "మేడం, మరమగ్గం అని గ్రూపులో రాశారు. అది తప్పని కూడా అక్కడే రాయండి" అన్నాను.

"అయ్యో, అది డిలీట్ చేసేస్తాను లెండి."

"డిలీట్ కాదు మేడం. తప్పని రాయండి."

"నెట్‌వర్క్ ప్రాబ్లం మీ వైపేగా? మాకెలా తెలుస్తుంది చెప్పండి?" అంది. ఆ మాటలో న్యాయం ఉందని నాకు తెలుసు. అందుకే ఇంకా మండింది. తెలియనప్పుడు తెలియదని రాయాలి. మరమగ్గం అని రాయకూడదు. ఇంకేదో అనబోతుంటే అక్క గుంటలోంచే, "ఇయ్యిరా ఫోను" అని చెయ్యి చాచింది. "సరేమ్మా, వేస్తాం. నూలు రేపే తెస్తాం" అని చెప్పి పెట్టేసింది.

"సారీ కూడా చెప్పలేదక్కా."

"సారీ కట్టుకుంటానా ఏమన్నా? నా మగ్గం నాకు మిగిలింది. గమ్మునుండు."

షావుకారు మనిషి చెప్పిన రోజున నూలుతో సహా వచ్చాడట. బావ వాకిట్లోనే ఆపి పంపించేశాడు. నేను అప్పటికి కర్నూలులో ఉన్నాను. అక్క గమ్మునుంది. నేను ఉండలేను. అందుకే ఇది రాశాను. ఆ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెట్టినవాళ్లలో ఒక్కరైనా దీన్ని చదవాలి.

సాయం చేసినవాళ్లకు పేర్లు లేకుండానే కృతజ్ఞతలు. చదివితే ఎవరికి వాళ్లు తెలుసుకుంటారు. బయటికి ఇవ్వకూడని నిఘంటువును సెలవుల్లో ఇంటికి ఇచ్చి, అట్ట వేసి తెమ్మని మాత్రమే చెప్పిన కర్నూలు లైబ్రరీ అమ్మకు. ఎందుకని అడగకుండా నిచ్చెన ఇచ్చిన పొరుగింటి పెద్దాయనకు. తిట్టి, మళ్లీ పనిలోకి రానిచ్చిన గోడౌను యజమానికి. ఆ గదిలో ఇంకేం జరుగుతోందని అడిగిన దూరదేశపు మనిషికి. అతనికి మళ్లీ రాశాను, ఈసారి మర్యాదగా. మగ్గం అంటే ఏమిటో చెప్పడానికి ఇంకో ఆదివారం పట్టింది. ఎగిరిన ప్రతిసారికీ మా బావకు. మా అక్కకు, నేను ఆపు, నెయ్యి, ఆపు అని ప్రాణం తీస్తున్నా పేక వదులు కాకుండా నేసినందుకు. ఆ చీర ఇప్పుడు హైదరాబాదులో ఎవరో కట్టుకుంటున్నారు.